నూట పద్నాలుగు కిలోల బంగారం

సిద్దిపేట
ఫిబ్రవరి 6, 2026

చెల్లె స్వరాజ్యానికి,

మీ అక్క కిష్టవ్వ రాస్తున్నది. మేం బాగున్నాం. మీరు బాగున్నారని తెలుసు, మొన్ననే కదా మేడారం జాతర చూసుకుని భీవండి బస్సెక్కారు. ఫోను ఉండగా ఉత్తరమేందని నవ్వకు. మీ ఇంట్లో ఫోనంటే ఊరి మైకు. స్పీకరు పెడతారు. నేను ఒక మాట అంటే మరిది ముత్తయ్య ఒక మూల నుంచి, నీ కొడుకు కర్ణాకర్ ఇంకో మూల నుంచి, పక్కింటి మరమగ్గం సాంచెల చప్పుడు మరో మూల నుంచి జవాబు చెప్తాయి. నీకు నచ్చని మాట వస్తే "అక్కా, సిగ్నల్ లేదు" అని కట్ చేస్తావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు. చించితే చించు, కానీ చదివాకనే చించుతావు, నీ సంగతి నాకు తెలియదా. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, వంకరగా ఉంటే కాగితం తిప్పి చదువుకో. భీవండి బస్సు డ్రైవర్ మల్లేశం చేతికిస్తున్నాను, చింతకాయ తొక్కు డబ్బాతో పాటు.

విషయం బెల్లం దుకాణం గురించి. కొడుక్కు సంబంధం కుదిరితే సమ్మక్క సారలమ్మలకు వాడి ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నావు. ఆ తల్లుల దగ్గర బంగారమంటే బెల్లమే కాబట్టి బతికిపోయావు. తరాజులో ఒక పక్క కర్ణాకర్ కూర్చున్నాడు. ఇంకో పక్క దుకాణాయన ముద్ద మీద ముద్ద పెడుతూనే ఉన్నాడు. ఎనభై అయింది, వీడు లేవలేదు. తొంభై అయింది, వీడు సెల్ఫీ దిగుతున్నాడు. వంద దగ్గర దుకాణంలో బెల్లం అయిపోయి పక్క దుకాణం నుంచి తెచ్చారు. నూట పద్నాలుగుకు తరాజు కదిలింది. జనం చప్పట్లు కొట్టారు. "గీ జాతరకు మా దుకాణంల ఫస్టు గీ పిలగాడే" అని ఆయన శాలువా కప్పాడు. నువ్వు అక్కడే దిష్టి తీశావు. మా అత్త లచ్చవ్వ ఎనభై ఆరేళ్ల మనిషి, ఊరుకుంటుందా? "నన్ను తూస్తె పిడికెడు బెల్లం సాలు, నాతోని దేవతకు లాభం లేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. నా కొడుకు మల్లేశ్ ఆ కరోనాలో పోయి వచ్చే మే నెలకు ఐదేళ్లు. వాడూ ముప్పై ఏళ్లకు నూరు దాటాడు కదా. వాడిని చూసి కూడా మనం ఇట్లనే మురిసిపోయాం.

స్వరాజ్యం, కర్ణాకర్‌కు ఒకసారి రక్తపరీక్ష చేయించు. సుగరు చూపించు. ఇంతే నా మాట. తొక్కులో ఉప్పు ఎక్కువైంది, అది నాకు తెలుసు, అది రాసి కాగితం నింపకు.

మీ అక్క

*

భీవండి, పద్మనగర్
ఫిబ్రవరి 19

అక్కా,

నీ ఉత్తరం చేరింది. తొక్కు డబ్బా సగమే చేరింది. "దారిల మూత ఊడిందమ్మా" అంటాడు మల్లేశం. మూత ఊడితే బస్సు సీటుకు అంటాలి కానీ మల్లేశం మీసానికెందుకంటింది? పోనీ. నువ్వు మాట్లాడితే మన మాటలాగే ఉంటుంది, ఉత్తరం రాస్తే రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుంది. నీకు జవాబు రాయాలని నేనూ అట్లే రాస్తున్నాను, చెయ్యి నొస్తుంది.

నా కొడుక్కు ఏ రోగం లేదు. ముప్పై ఒక్క ఏళ్ల పిల్లవాడు. రెండు సాంచెలు ఒక్కడే చూసుకుంటాడు. పద్నాలుగు పూరీలు తిని అరిగించుకుంటాడు. అరిగించుకునేవాడికి సుగరు ఎట్లా వస్తుంది? ఇక ఆ పాడు జబ్బు సంగతి. అది పోయి ఎన్నేళ్లయింది? ఉన్నా అది ముసలివాళ్ల జబ్బు అని టీవీలో అందరూ చెప్పారు. మరి మీ అత్తకు రాలేదా? వచ్చింది. రెండు రోజులు మూలిగి మూడో రోజు లేచి కల్లు అడిగింది. మల్లేశ్ రాత అట్లా ఉంది అక్కా. రాతకూ బరువుకూ ఏం సంబంధం?

ఏప్రిల్ ఇరవై మూడుకు ముహూర్తం పెట్టుకున్నాం. కుకునూరుపల్లి వాళ్లు మంచివాళ్లు. పిల్ల భవాని బడిలో పంతులమ్మ. ఇట్లాంటప్పుడు సుగరు, పరీక్ష అని నువ్వు నోరు తెరిస్తే సంబంధం నిలుస్తుందా? నీ కొడుకు పోయాడని నా కొడుకును తరాజులో చూసి ఏడుస్తావా?

కోపంగా రాస్తున్నాను, కోపమని తెలియాలనే రాస్తున్నాను.

స్వరాజ్యం

*

సిద్దిపేట
మార్చి 3

చెల్లె స్వరాజ్యానికి,

చివరి మాట చదివి ఉత్తరం చించుదామనుకున్నాను. మళ్లీ నువ్వు పూరీలు లెక్కపెట్టిన ముక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది. చించలేదు.

ముసలివాళ్ల జబ్బు అన్నావు. మేమూ అదే అనుకున్నాం కదా. అందుకే చేసిన పని నీకు తెలుసు. అత్తను వెనకరూంలో పెట్టాం. పళ్లెం నేల మీద పెట్టి చీపురుకట్టతో లోపలికి నూకాం. పూటకు మూడుసార్లు కషాయం. "నన్ను జైల్ల ఏసిన్రు, జైల్లనన్న బువ్వ చేతికిస్తరు" అని ఆమె వాడంతా వినేట్టు అరిచేది. టీకా సూది రెండుసార్లు ఆమెకే వేయించాం, మల్లేశ్ వయసు వాళ్లకు ఇంకా సరిగా దొరకడమే లేదు. అన్నీ ఆమెకు చేసి, బజారు పని మల్లేశ్‌కు చెప్పాం. మా ఇంటి సామాను, అటు ఇటు ఆరిండ్ల సామాను వాడే తెచ్చాడు. "వానికేమైతది, బండ లెక్క ఉన్నడు" అని సంచులిచ్చి పంపింది ఎవరు? నేనే.

మొన్న బస్తీ దవాఖానలో నర్సు సింధుజను అడిగాను. మంచి పిల్ల, కసురుకుంటుంది కానీ చెప్తుంది. "ముసలామె బతికె, పడుచు పిలగాడు పాయె, గిదేం న్యాయం బిడ్డా?" అన్నాను.

"న్యాయం కాదు పెద్దమ్మా. ముసలోళ్లకు వయసే పెద్ద అపాయం. వేరే రోగం లేకున్న అపాయమే. పడుచోళ్లకు వయసు రోగానికి అడ్డముంటది. గా వయసుల పోయినోళ్లను చూస్తె శానామందికి లోపట ఇంకోటి ఉంటది. సుగరో, ఒళ్లు బరువో, కిడ్నీయో. గదున్నోళ్లకు తమ ఈడు వాళ్లకంటె అపాయం ఎన్నో రెట్లు. అయిన గూడ ఎనభై ఏండ్ల ముసలామె కంటె తక్కువనే, గని లేనట్టు గాదు."

"మరి మా అత్త?"

"మీ అత్తది అదృష్టం, రెండు సూదులు. మీరు చూసింది తప్పు గాదు. పిలగాన్ని చూడకపోవుడు తప్పు."

ఇంటికి నడుచుకుంటూ వచ్చి నా తెలివికి ఎక్కినట్టు అనుకున్నాను. మనం బట్ట నేసే సాలోళ్లం కదా. పాతబట్ట ఎక్కడ పట్టి గుంజినా చినుగుతుంది, దానికి వేరే కారణం అక్కరలేదు. కొత్తబట్ట ఊరికే చినగదు. చినిగిందంటే లోపల ఎక్కడో పోగు ముందే తెగి ఉంది. పైకి అంచు మెరుస్తూనే ఉంటుంది. చంటిపిల్లల సంగతి కూడా అడిగితే "గది వేరే" అంది. అది ఇంకా మగ్గం మీద ఉన్న బట్ట కావచ్చు.

ఇప్పుడు ఎవరికీ చెప్పని మాట నీకు చెప్తున్నాను. మీ బావకూ చెప్పలేదు. మల్లేశ్‌లో తెగిన పోగు నాకు తెలుసు స్వరాజ్యం. వాడు పోవడానికి ముందటేడు ఉచిత క్యాంపులో రక్తం ఇచ్చి కాగితం తెచ్చాడు. "అవ్వా, సుగరున్నదంట" అన్నాడు. అప్పుడు జగదేవ్‌పూర్ పిల్లను చూస్తున్నాం. కాగితం నేనే గుంజుకుని పొయ్యిలో పెట్టాను. "పెండ్లయినంక చూపిచ్చుకుందువు, ఎవ్వలతోని అనకు" అన్నాను. వాడు నవ్వి, సరే అన్నాడు. తల్లి చెప్తే సరే అనేవాడు. పెళ్లి కాలేదు, వాడు లేడు. ఆస్పత్రిలో సుగరు నాలుగువందలు దాటిందని వాళ్లు చెప్తే మీ బావ "గదెట్ల సారూ, మా పిలగానికి ఏ రోగం లేదు" అని కొట్లాడాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను.

రాత అనకు. ఆ రాత చెరిపింది నేనే.

అక్క

*

భీవండి
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం వంటింట్లో కూర్చుని చదివాను. పప్పు మాడింది. ఆయన "ఏందే వాసన" అని వస్తే ఉల్లిగడ్డ కోస్తున్నానని చెప్పాను. మా వంటింట్లో ఉల్లిగడ్డలు లేవు, అది ఆయన చూశాడు. పొయ్యి ఆర్పి పోయాడు.

నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తరాజు మాట.

నేనూ ఒకటి చెప్తాను, కానీ ఎవరికీ చెప్పనని నువ్వు ఒట్టు పెట్టుకోవాలి. కర్ణాకర్‌కు ఉంది. పోయిన దసరా ముందు కాలికి దెబ్బ తగిలి మానకపోతే డాక్టరు చూసి, సుగరు రెండు వందల డెబ్బై అన్నాడు. కాగితం బియ్యం డబ్బా అడుగున పెట్టాను. గోళీలు ఇచ్చాడు, వాడు పది రోజులు మింగి "ఏం తేడా లేదు" అని మానేశాడు. ఆయనకు తెలియదు. కుకునూరుపల్లి వాళ్లకు అసలే తెలియదు. ఈసారి ఉత్తరంతో పాటు నువ్వు పంపిన కాకరకాయ పొడి కూడా చేరింది. వాడు చిటికెడు నాలుక మీద వేసుకుని "పెద్దమ్మకు నా మీద పగ ఉన్నదా" అన్నాడు. నేను డ్రైవర్ మల్లేశానికే తిరిగి ఇచ్చాను, ఆయనకూ సుగరేనట, చపాతీకి అద్దుకుని తింటున్నాడు.

అక్కా, మూడు ముళ్లు పడేదాకా ఆగు. పడ్డాక నేనే దవాఖానకు తీసుకుపోతాను. నెలన్నర. నెలన్నరలో ఏమవుతుంది?

నీ చెల్లె

*

సిద్దిపేట
మార్చి 28

స్వరాజ్యానికి,

నువ్వు ఒట్టు పెట్టుకోమన్నావు. నేను పెట్టుకున్నానని ఎక్కడా రాయలేదు, ముందు అది చూసుకో.

నెలన్నరలో ఏమవుతుందని అడిగావు. మల్లేశ్‌కు జ్వరం వచ్చిన రోజు నుంచి పోయిన రోజు దాకా పదకొండు రోజులు. ఇక్కడ ఇంటింటా దగ్గు, జ్వరాలు. సింధుజను అడిగితే "ఫ్లూ జరం గూడ గంతే పెద్దమ్మా, సుగరున్నోళ్లను దేవులాడుకుంట పోతది" అంది. అందుకని నిన్న కుకునూరుపల్లి పోయి వచ్చాను.

మేడారం ప్రసాదం ఇవ్వడానికని చెప్పి పోయాను. చేతిలో డబ్బా నిండా బెల్లం. సుగరు సంగతి చెప్పడానికి బెల్లం పట్టుకుని పోయిన మనిషి జిల్లాలో నేనొక్కదాన్నే కావచ్చు. భవాని తండ్రి బాలనర్సయ్య కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"వదినె, మా అల్లుడు పహిల్వాన్ వదినె! నూట పద్నాలుగు కిలోలట గదా. ఊళ్లె అందరికి చెప్పిన."

"అన్నా, చాయ్ కింద పెట్టు. పిలగానికి సుగరున్నది."

ఆయన పెట్టలేదు. "ఎంత?"

"రెండొందల డెబ్బై."

"తినకముందా, తిన్నంకనా?"

నాకు తెలియదు. "బియ్యం డబ్బా అడుగున ఉన్నది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మల్లేశ్ కథ మొత్తం చెప్పాను. పొయ్యిలో కాగితం పెట్టిన సంగతి కూడా. నువ్వు దాచిన సంగతీ చెప్పాను, క్షమించకపోతే నీ ఇష్టం.

ఆయన లేచి నిలబడ్డాడు. "మర్యాదగ వచ్చినవ్, మర్యాదగ పో వదినె. రోగానికి గాదు నాకు కోపం. దాసిన్రు సూడు, గందుకు. గసొంటి ఇంట్ల నా బిడ్డనియ్య."

నేను డబ్బా తీసుకుని లేచాను. అప్పుడు లోపలి నుంచి భవాని వచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టుంది, చేతిలో ఎర్రపెన్ను.

"బాపూ, నీకు పన్నెండేండ్ల సంది సుగరున్నదని వాళ్లకు చెప్పినవా?"

బాలనర్సయ్య చాయ్ చూసుకున్నాడు. భార్య గడప దగ్గర నుంచి, "గది వేరే ముచ్చటనే" అంది.

"ఎట్ల వేరే? నాయినకుంటె నాకు గూడ రావచ్చని, వాళ్లు వద్దంటరని గోళీల డబ్బా దేవుని పటం యెనుక పెట్టిన్రు. నన్ను చూసుడప్పుడు ‘ఎనిమిది లడ్లు తింట’ అని గొప్పలు చెప్పినవు. వాళ్లు డబ్బా అడుగున పెట్టిన్రు, మనం పటం యెనుక పెట్టినం. ఒక్కతీరే."

బాలనర్సయ్య కూర్చున్నాడు, నేనూ డబ్బా కింద పెట్టి కూర్చున్నాను. తర్వాత భవానియే తీర్పు చెప్పింది. ఏప్రిల్ ముహూర్తం లేదు. మూడు నెలలు. గోళీలు మింగాలి, నడవాలి. మూడు నెలల సుగరు ఒక్కసారే చెప్పే పరీక్ష ఉందట, సిద్దిపేటకు వచ్చి అది చేయించుకోవాలి. కాగితం తన చేతికి రావాలి. తానూ చేయించుకుంటుంది. "తగ్గితె శ్రావణంల పెండ్లి. తగ్గకపోయినా ఫర్వాలేదు, మందులు మింగినట్టు కనవడాలె. నాతోని అబద్ధమాడితె మాత్రం నేను రాను" అంది. చుట్టాలకు అధికమాసం వచ్చిందని చెప్పుకుందామని బాలనర్సయ్య అన్నాడు. ఈ ఏడు నిజంగానే వచ్చింది కదా.

బెల్లం డబ్బా వాళ్లే పెట్టుకున్నారు. ఎవరు తిన్నారో అడగలేదు.

కిష్టవ్వ

*

భీవండి
ఏప్రిల్ 5

నిన్నెవరు పొమ్మన్నారు? తోడబుట్టినదానివని నమ్మి రాశాను. ఆయన చేతికి పెళ్లి పత్రిక కంటే ముందు కొడుకు సుగరు సంగతి చేరింది, అది కూడా బాలనర్సయ్య ఫోనులో. స్పీకరు పెట్టి ఉంది. పక్కింటివాళ్లు సాంచె ఆపి మరీ విన్నారు. ఐదు వందల పత్రికలు అచ్చయ్యాయి, ఇప్పుడు వాటి వెనక వైపు నీకు ఉత్తరం రాస్తున్నాను చూసుకో.

ఇంకెప్పుడూ రాయకు.

స్వరాజ్యం

*

భీవండి
మే 20

అక్కా,

మల్లేశ్ పోయిన తేదీ దాటిపోయింది. ఆ రోజు నీకు ఫోను చేద్దామని మూడుసార్లు తీశాను. కోపం ఉందని గుర్తొచ్చి పెట్టేశాను. తర్వాత ఆ కోపం ఎక్కడ పెట్టానో కనబడలేదు.

ఇక్కడి సంగతులు విను. పొద్దున ఐదున్నరకు భవాని వీడియో కాల్ చేస్తుంది. "నడుస్తున్నవా, నిలవడ్డవా?" వీడు మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతూ "నడుస్తున్న" అన్నాడు ఒకరోజు. "నీ యెనుక ఫ్యాను తిరుగుతున్నది, రోడ్డు మీద ఫ్యాను ఏడికెల్లి వచ్చింది?" అంది. పంతులమ్మ పంతులమ్మే. అప్పటి నుంచి నిజంగానే నడుస్తున్నాడు. ఆయన కూడా వెంట పోతున్నాడు, కొడుకు మధ్యలో వడాపావ్ తినకుండా కాపలా. ఒకరోజు ఇద్దరూ మూతులు తుడుచుకుంటూ వచ్చారు, ఇద్దరినీ తిట్టాను.

బాలనర్సయ్య రోజూ తన సుగరు లెక్క వీడికి పంపుతాడు. "అల్లుడా, నాది నూట నలభై. నీది?" పందెం పెట్టుకున్నట్టు చేస్తున్నారు. పూరీలు పద్నాలుగు నుంచి మూడుకు వచ్చాయి, నాకు పిండి కలిపే చెయ్యి మరిచిపోయేట్టుంది. పన్నెండు కిలోలు తగ్గాడు. చొక్కాలు వదులయ్యాయి. నాకు చూస్తే ఏడుపొస్తుంది. కానీ రాత్రి గురక లేదు అక్కా.

ఒకటి అడుగుతాను. మల్లేశ్ కాగితం సంగతి బావకు చెప్పావా? బియ్యం డబ్బా సంగతి ఈయనకు తెలిశాక రెండు రోజులు సాంచెల దగ్గరే తిని పడుకున్నాడు. మూడో రోజు "నాతోని అంటె నేనేమన్న తింటనా" అన్నాడు. అంతే. బావ కూడా అంతే అంటాడు. చెప్పు.

జూలైలో వాడిని పంపుతాను. నువ్వే తీసుకుపో. నాకు ఆ కాగితం చూసే ధైర్యం లేదు.

నీ చెల్లె

*

సిద్దిపేట
జూలై 9

చెల్లె స్వరాజ్యానికి,

ఫోనులో అందరూ చెప్పేసి ఉంటారు, అయినా నా చేత్తో రాస్తాను. మూడు నెలల సుగరు, అక్కడ మొదట చేయించినప్పుడు పదిన్నర ఉన్నది, ఇప్పుడు ఏడుకు వచ్చింది. "పోలేదు, పోదు గూడ. దాని చెయ్యి పట్టుకొని బతకాలె. గోళీ బంద్ చేస్తె మల్ల నా తాన తిట్లు వడుతయి" అంది సింధుజ. ఫ్లూ సూది కూడా బయట వేయించమంది, నేను ఈ రోజే వాడికి వేయించాను. భవాని కాగితం మూడుసార్లు చదివి, ఎర్రపెన్ను బయటికి తీసింది. మార్కులు వేస్తుందేమోనని కర్ణాకర్ భయపడ్డాడు. తన బ్యాగులో పెట్టుకుంది. ఆమెది మామూలుగానే వచ్చింది. శ్రావణంలో పెళ్లి.

మీ బావకు చెప్పాను. తిట్టలేదు. లేచి పోయి మల్లేశ్ ఫొటో ముందు నిలబడి, "నాకు చెప్పకపోతివిరా" అన్నాడు. నన్ను అనలేదు, వాడిని అన్నాడు. నేను వంటింట్లోకి పోయాను. మా అత్త అన్నీ వింది. "నా తాన ఏమన్న దాసిన్రా ఇంక? ఉంటె ఇప్పుడే చెప్పున్రి, నాకు టైము లేదు" అంది.

ఒక్క మాట రాసి ఆపేస్తాను. బస్తీ దవాఖానలో రక్తం తీసేటప్పుడు మీ పహిల్వాన్ ఏం చేశాడో వాడు నీకు చెప్పి ఉండడు. సింధుజ సూది తీయగానే ముఖం తెల్లబోయింది. "పెద్దమ్మా, జర చెయ్యి పట్టుకోవా" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు, అంతమందిలో. పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో స్వరాజ్యం.

మల్లేశ్ ఆస్పత్రికి పోను ఆటో ఎక్కేటప్పుడు నేను ముందుకు పోతే, "రాకె అవ్వా, నీకంటుతది, నువ్వు పెద్దదానివైనవు" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముసలివాళ్లకే అపాయమని వాడికీ నేనే చెప్పాను కదా. ఆ తర్వాత వాడిని ప్లాస్టిక్కులో చుట్టి ఇచ్చారు.

సూది బయటికి వచ్చింది, దూది పెట్టారు. "అయిపోయింది పెద్దమ్మా, ఇగ ఇడిసిపెట్టు, యెనుక లైనున్నది" అంది సింధుజ. లైన్లో ముసలాయన ఎవరో "ఏందవ్వా, గాయన చెయ్యి నువ్వే ఇంటికి కొంచవోతవా?" అని లొల్లి పెట్టాడు.

"ఉండున్రి బిడ్డా, జరసేపు" అన్నాను. కర్ణాకర్ కూడా లేవలేదు. కూర్చున్నాడు.

మీ అక్క కిష్టవ్వ